ఉగాండాలో పాఠాలు చెబుతూ వీకెండ్‌లో ఎంబురో చూసి రావడం ఎలా

ఉగాండాలోని ఎంబరారా పట్నంలో వైద్య విద్యార్థులకు పాఠాలు చెప్పడానికి వలంటీర్‌గా పోతున్న కర్నూలు డాక్టర్లకి ముందే చెప్తున్నా, రెండు రోజుల సెలవులో గొరిల్లాల జోలికి పోవద్దు. ఒక్కొక్కరికి పర్మిటే 800 డాలర్లు, అదీ చాలా ముందే బుక్ చేసుకోవాలి, పైగా అవి ఉండే బ్విండి అడవి కొండదారుల్లో పోయి వచ్చేసరికి ఒళ్లు హూనమై సోమవారం వార్డు రౌండ్స్‌లో నిలబడే నిద్రపోతారు. దగ్గర్లోనే లేక్ ఎంబురో నేషనల్ పార్క్ ఉంది, కారులో గంట, గంటన్నర. సింహాలు, ఏనుగుల మీద ఆశ పెట్టుకోకండి; జీబ్రాలు, ఇంపాలాలు, హిప్పోలు మాత్రం కావలసినన్ని.

అన్నిటికంటే ముందు ఎల్లో ఫీవర్ టీకా. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు పాస్‌పోర్టుతో పాటే ఉంచుకోండి, అది లేకపోతే తిరిగొచ్చాక మన ఎయిర్‌పోర్టులోనే ఆపి 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు.

ఇక అసలు కిటుకు టికెట్‌లో ఉంది. పార్క్ టికెట్ గేటు దాటిన టైం నుంచి 24 గంటలు చెల్లుతుంది. కాబట్టి శనివారం పొద్దున్నే పరిగెత్తకుండా, బట్టలు ఉతుక్కుని, కడుపునిండా తిని, మధ్యాహ్నం రెండింటికి లోపలికి పోండి. సాయంత్రం సరస్సులో బోటు, రాత్రి లోపలే బస, ఆదివారం తెల్లారి తుపాకీ పట్టుకున్న రేంజర్ వెంట నడక, రెండు లోపు బయటికి. ఒకటే ఎంట్రీ టికెట్! ఆ నడక మాత్రం వదులుకోవద్దు. కారు అద్దంలోంచి చూస్తే జీబ్రా ఒక బొమ్మ, కాలినడకన పోతే అది గడ్డి కొరికే చప్పుడు కూడా వినిపిస్తుంది. అడవిపందులు ముందరి మోకాళ్ల మీద కూర్చుని మేస్తుంటాయి, నవ్వాపుకోవడం కష్టం.

మినీబస్సులు నిండితే గానీ కదలవు, దిగినా పార్క్ లోపల తిరగడానికి బండి కావాలి, అందుకే తోటి టీచర్లు ముగ్గురు నలుగురు కలిసి డ్రైవర్‌తో సహా కారు మాట్లాడుకోండి. చీకటి పడ్డాక హైవే ఎక్కొద్దు. దారిలో ఉడికించిన పచ్చి అరటి ముద్ద మీద చెనిక్కాయల పులుసు పోసి పెడతారు, ఆ అరటి ముద్దని మటోకె అంటారు. మన నాలుకకి కారం చాలదు గానీ ఒక పొట్లం ఎర్ర కారం వెంట ఉంటే సీమోళ్లకి ఇంకేం అక్కర్లేదు.

స్వెటర్ తీసుకోండి, కర్నూలు ఎండలకి అలవాటైన ఒంటికి అక్కడి రాత్రులు చలే. సరస్సు ఒడ్డున బస చేస్తే రాత్రి మేతకి హిప్పోలు గట్టెక్కుతాయి, బాత్‌రూమ్‌కి పోవాలంటే టార్చ్ వేసి నాలుగు దిక్కులా చూసి, ఏమాత్రం అనుమానం ఉన్నా గార్డుని పిలవండి. మలేరియా మాత్రలు డాక్టర్లమే మనం ఎక్కువగా ఎగ్గొడతాం. డాక్సీ (డాక్సీసైక్లిన్) మాత్ర అయితే తిరిగొచ్చాక కూడా 4 వారాలు మింగాలి. ఇంటికొచ్చిన కొన్ని నెలల్లోపు జ్వరం వస్తే వైరల్‌ అని పారాసిటమాల్ వేసుకుని పడుకోకుండా అదే రోజు స్మియర్ (మలేరియా రక్తపరీక్ష) చేయించుకోండి, ఉగాండా నుంచి వచ్చామని కూడా చెప్పండి.