పాత జీపుకి ఛాసిస్ మారుస్తున్నారా, బాడీ ఎత్తేముందు ఇది చూడండి

సంక్రాంతి అయిపోయి కాస్త ఖాళీ దొరికితే చాలు, మా వైజాగ్ వైపు పాత జీపులున్న వాళ్లందరికీ ఒకటే ఆలోచన, ఈసారి ఎలాగైనా ఛాసిస్, అంటే బండి మొత్తాన్ని మోసే కింది ఇనుప చట్రం, మార్చేద్దాం, జూన్‌లో వానలు పడేలోపు రోడ్డెక్కించేద్దాం అని. ఆలోచన మంచిదే. సముద్రపు గాలికి, బీచ్ ఇసుకలో తిరిగిన జీపుకి పైన పెయింట్ మెరుస్తున్నా కింద కమాన్ కట్టల (చక్రాల మీద బరువు మోసే పట్టీ స్ప్రింగుల) హ్యాంగర్ దగ్గర, అంటే అవి ఛాసిస్‌కి వేలాడే బ్రాకెట్ దగ్గర, సుత్తితో కొడితే టంగుమనాల్సింది డబ్బుమంటది, స్క్రూడ్రైవర్ పొడిస్తే లోపలికి దిగిపోద్ది. దానికి అతుకు మీద అతుకు వేసుకుంటూ పోయేకన్నా వేరే ఛాసిస్ మీదకి ఎక్కించడమే నయం. నేను నా మహీంద్రా ఎంఎం 540 జీపుకి ఇదే పని చేశా, నాలుగు నెలలనుకున్నది పదకొండు నెలలు పట్టింది, అందులో సగం నేను చేసిన తప్పులు నేనే దిద్దుకోవడానికి పోయింది. కాబట్టి ఇక్కడ రాసేది ఎలా చెయ్యాలో కాదు, ఎక్కడెక్కడ జాగ్రత్తగా ఉండాలో మాత్రమే.

పానా తీసేముందు ఆర్సీ తియ్యండి. మన దేశంలో బండి అంటే ఛాసిస్ నంబరే, ఇంజన్ మారినా రంగు మారినా ఏదో ఒకటి రాయించుకోవచ్చు గానీ ఆ నంబర్ ఉన్న ఇనుప ముక్క పోతే బండి పోయినట్టే. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది, అదే ఏడాది వచ్చిన సవరణలో రూల్స్ ఒప్పుకోని మార్పు చేయించిన ఓనరుకి ఒక్కో మార్పుకి 5000 ఫైను గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ అని పెట్టారు. అంటే పొడవు పెంచిన ఛాసిస్సో కాయిల్ స్ప్రింగులకి మార్చిన ఛాసిస్సో పెట్టుకుని తర్వాత చూసుకుందాంలే అనుకుంటే కుదరదు. అదే మోడల్‌కి అదే కొలతల్లో ఉన్న ఛాసిస్ పెడుతున్నా సరే, విప్పకముందే ఆర్టీఓ ఆఫీసుకెళ్లి అప్లికేషన్ పెట్టి బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కి పాత నంబర్ బండి మీద ఉండగానే చూపించండి, పెన్సిల్ రాసి కాగితం మీద నంబర్ అచ్చు తీసుకోండి, ఫోటోలు తీసుకోండి. పాత ఛాసిస్ నుంచి నంబర్ ముక్క కోసి కొత్తదానికి వెల్డింగ్ చేసేద్దాం అని మీ మేస్త్రీ సలహా ఇస్తాడు, నూటికి నూరుపాళ్లు ఇస్తాడు, వినకండి. పర్మిషన్ లేకుండా ఆ పని చేస్తే దొంగబండికి చేసేదానికీ మీరు చేసినదానికీ చూసేవాడికి తేడా కనపడదు. ఇన్సూరెన్స్ వాళ్లకి కూడా ఒక ముక్క రాసి పడెయ్యండి.

ఇక ఛాసిస్ కొనడం. సెకండ్‌హ్యాండ్‌ది అయితే దాని బండి కాగితాలు, స్క్రాప్ అయినట్టు రుజువు లేకుండా అడ్వాన్స్ కూడా ఇవ్వొద్దు. నేను ఇచ్చా. వెళ్లి చూస్తే నంబర్ ఉండాల్సిన చోట గ్రైండర్ పెట్టి తీసేసిన మెరుపు, దాని మీద కొత్తగా బ్లాక్ పెయింట్, నా ఐదు వేలు వాడి దగ్గరే వదిలేసి వచ్చేశా, ఇప్పటికీ అది లాభమే అనుకుంటున్నా. ఉత్తరాది నుంచి కొత్తగా చేసి పంపేవి కూడా దొరుకుతాయి, వాటిలో మంచివీ ఉన్నాయి, కానీ పేరు చూసి కాదు టేపు పెట్టి కొనండి. సీజే 3బీ అనే పాత మోడల్ జీపుకి వీల్‌బేస్ (ముందు చక్రం నుంచి వెనక చక్రానికి దూరం) 80 అంగుళాలు, ఎంఎం 540కి 91 అంగుళాలు, ఇంత తేడా అయితే ఎవడికైనా తెలుస్తుంది, ఇబ్బంది పెట్టేది చిన్న తేడాలే. ఇంజన్ మౌంట్ అరంగుళం వెనక్కి ఉంటే ఫ్యాను వెళ్లి రేడియేటర్‌ని తాకుతుంది, స్టీరింగ్ బాక్స్ రంధ్రాలు కాస్త పక్కకుంటే జన్మలో స్టీరింగ్ నిటారుగా రాదు. చదునైన నేల మీద పెట్టి ముందు ఎడమ హ్యాంగర్ నుంచి వెనక కుడి హ్యాంగర్‌కి, మళ్లీ అటు నుంచి ఇటు, ఐమూలగా రెండు కొలతలు తీసుకోండి, తూకం గుండు వేలాడదీసి నేల మీద సుద్దతో గుర్తులు పెట్టి కొలిస్తే ఇంకా బాగా తెలుస్తుంది. రెండింటి మధ్య మూడు మిల్లీమీటర్లు దాటితే తీసుకోకండి, ఎంత తగ్గించినా సరే.

ఇప్పుడు అసలు మాట. పాత ఛాసిస్‌ని పని మొత్తం అయ్యేదాకా పాత సామాను వాడికి ఇవ్వకండి. ప్రతి బ్రేక్ పైపు ఏ వంపు తిరిగింది, ఏ క్లిప్పు ఎక్కడుంది, ఏ రంధ్రంలో ఎంత పొడవు బోల్టు, మొత్తం దాని మీదే రాసుంటుంది, ఫోన్లో ఐదొందల ఫోటోలున్నా ఆరో నెలలో మీకు కావాల్సిన మూల ఏ ఫోటోలోనూ ఉండదు. ఇంట్లో వాళ్లు పెరట్లో ఆ ఇనుము ఏంటని రోజూ అడుగుతారు, అడగనివ్వండి. ఇన్‌స్పెక్షన్ అయ్యాక కూడా ఆ నంబర్ ఉన్న ముక్కని ఏం చెయ్యాలో ఆఫీసు వాళ్లు చెప్పినట్టే చెయ్యండి.

బాడీ ఎత్తేముందు డోర్ తెరుచుకునే చోట రెండు వైపులా, ఇంకా అడ్డంగా అటు నుంచి ఇటుకి, యాంగ్లర్ (ఎల్ ఆకారం ఇనుప పట్టీ) ముక్కలు టాక్ వెల్డింగ్ చేసి, అంటే అక్కడక్కడా చుక్కలుగా అతికించి బిగించండి. తుప్పు పట్టిన బాడీకి ఛాసిస్సే వెన్నెముక, అది తీసేస్తే బాడీ తడిసిన అట్టపెట్టెలా వాలిపోతుంది, నాది అలాగే రెండు సెంటీమీటర్లు వాలిపోయి చివర్లో విండ్‌షీల్డ్ ఫ్రేము కూర్చోక టింకరింగ్ మేస్త్రీ నన్ను తిట్టని తిట్టు లేదు. ఎత్తేటప్పుడు ఎర్త్ వైరు, స్పీడోమీటర్ కేబుల్, హ్యాండ్‌బ్రేక్ కేబుల్, ఈ మూడింట్లో ఒకటి తప్పకుండా మర్చిపోతాం, నలుగురు ఎత్తుతుంటే ఐదోవాడు టార్చి పట్టుకుని కింద చూస్తూ ఉండాలి, వాడు కూడా పక్క నుంచి చూడాలి గానీ కిందకి దూరకూడదు. ఇంజన్ దించడానికి మామిడి కొమ్మకి చైన్ బ్లాక్ కట్టే అలవాటు మన దగ్గర బాగా ఉంది, దయచేసి వద్దు, గేర్‌బాక్సుతో కలిపి ఊగిన ఇంజన్‌ని చేత్తో ఆపబోయి వేళ్లు పోగొట్టుకున్న మెకానిక్కుని నేను చూశా. గ్యాంట్రీ, అంటే బరువు ఎత్తే ఇనుప స్టాండు, రోజుకి అద్దెకి దొరుకుతుంది, ఆటోనగర్‌లో అడిగితే ఎవరో ఒకరు ఇస్తారు. జాకీ ఎత్తడానికే, ఆపడానికి కాదు, ఇటుకలూ కొబ్బరి దుంగలూ అసలే కాదు, స్టాండ్లు పెట్టి ఒకసారి గట్టిగా ఊపి చూశాకే కిందకి వెళ్లండి.

పాత జీపుల్లో కొన్నిటికి ఎడమవైపు చక్రాల నట్లు ఎడమ త్రెడ్ ఉంటాయి, మామూలుగా తిప్పితే ఇంకా బిగుస్తాయి, పైపు తొడిగి వేలాడారంటే స్టడ్డు విరుగుతుంది, మీరు వెల్లకిలా పడతారు. కమాన్ కట్ట మధ్య బోల్టు విప్పేముందు రెండు పక్కలా సీ క్లాంపులు పెట్టండి, వంపు కోసం బిగించి ఉంచిన పట్టీలు వదిలితే ముఖం ఉన్న వైపే వస్తాయి. కమాన్ కట్టని యాక్సిల్‌కి పట్టి ఉంచే యూ బోల్టులు మళ్లీ వాడకండి, ఒకసారి బిగించాక సాగిపోయి ఉంటాయి, కొత్తవి కొనడానికి పెద్ద ఖర్చేం కాదు.

వెల్డింగ్ దగ్గరే ఎక్కువ మంది దెబ్బతింటారు కాబట్టి కాస్త ఎక్కువ చెప్తా. డీజిల్ ట్యాంకు కదా పెట్రోల్ కాదుగా అని దాని పక్కనే వెల్డింగ్ పెడతారు, నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకే ప్రమాదం, లోపల మిగిలిన ఆవిరి వేడికి పేలుతుంది, ట్యాంకు విప్పి దూరంగా పెట్టండి. బ్రేక్ క్లీనర్ స్ప్రే కొట్టిన చోట ఆరిపోయింది కదా అని ఆర్క్ పెట్టొద్దు, క్లోరిన్ ఉన్న రకం అయితే ఆ వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. జింకు పూత ఉన్న బ్రాకెట్లని పూత గీకకుండా వెల్డింగ్ చేస్తే ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది, పాలు తాగితే విరుగుడు అంటారు గానీ పాలు పోయేది కడుపులోకి, పొగ పోయింది ఊపిరితిత్తుల్లోకి. ఇంజన్ పెట్టాక ఏదైనా అతకాల్సొస్తే బ్యాటరీ టెర్మినల్, ఆల్టర్నేటర్ వైర్లు తీసేసి ఎర్త్ క్లాంపు అతుకు పక్కనే పెట్టండి, ఎక్కడో బంపర్‌కి తగిలిస్తే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని తినేస్తుంది. ఛాసిస్ పట్టీ పైఅంచు, కింది అంచుల్లో రంధ్రాలు వెయ్యకండి, అడ్డంగా వెల్డింగ్ గీత పెట్టకండి, బరువంతా లాగేది ఆ అంచులే, రంధ్రం తప్పదనుకుంటే నిలువు గోడ మధ్యలో వెయ్యండి. గ్రైండర్‌కి గార్డు తీసేసి వాడటం మన జాతీయ అలవాటు అయిపోయింది, నాలుగంగుళాల మెషిన్ నిమిషానికి దాదాపు 11000 చుట్లు తిరుగుతుంది, కటింగ్ వీలు మధ్య రింగు మీద ఎక్స్‌పైరీ కూడా ఉంటుంది, చాలామంది ఎప్పుడూ చూసి ఉండరు. పాత బ్రేక్ లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, డ్రమ్ము విప్పి కంప్రెసర్ గాలి కొట్టొద్దు, నీళ్లతో తడిపి తుడవండి.

పెయింట్ గురించి రెండే మాటలు. బాక్సు భాగాల లోపల కూడా మైనమో ఆయిలో పట్టించండి, నీళ్లు పోయే రంధ్రాలు మూసెయ్యకండి. త్రెడ్లకీ ఎర్త్ పాయింట్లకీ టేపు అంటించండి, నేను అంటించలేదు, అంతా బిగించి తాళం తిప్పితే స్టార్టర్ మూలిగింది, హెడ్‌లైట్ వేస్తే ఇండికేటర్ వెలిగింది, రెండు రోజులు వైరింగ్ అంతా పీకి చూసి చివరికి ఎర్త్ కింద అందమైన బ్లాక్ పెయింట్ దొరికింది.

బిగించేటప్పుడు బ్రేకుల దగ్గర డబ్బులు చూసుకోకండి. పాత పైపులు వంచి సరిపెట్టకుండా కొత్తవి వేయించండి, ఉత్త రాగి పైపు వద్దు, చివర్లకి డబుల్ ఫ్లేర్ (పైపు మూతిని రెండు మడతలుగా విప్పడం) ఉండాలి. బ్రేక్ ఆయిల్ చుక్క పడితే కొత్త పెయింట్ ఊడిపోద్ది, వెంటనే నీళ్లతో కడిగెయ్యండి. గేర్‌బాక్సు నుంచి యాక్సిల్‌కి తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పినప్పుడు గుర్తు పెట్టుకోకపోతే రెండు చివర్ల యోకులు (కవ్వం కొమ్ముల్లాంటి భాగాలు) ఒకే వరసలో రావు, అప్పుడు బండి వణుకుతుంటే అందరూ యోకుల మధ్య ఉండే క్రాసులు పోయాయంటారు. కమాన్ బుష్ బోల్టులు మాత్రం బండి గాల్లో ఉండగా పూర్తిగా బిగించకండి, చక్రాల మీద బరువు పడ్డాకే బిగించాలి, లేదంటే రబ్బరు మెలిపడి ఆరు నెలల్లో చిరుగుతుంది. టార్క్ రెంచీతో బిగించిన ప్రతి నట్టు మీదా తెల్ల పెయింట్‌తో గీత గీయండి, గీత లేని నట్టు అంటే బిగించనిది అని లెక్క.

మొదటిసారి బయటికి తీసినప్పుడు లేఅవుట్లో ఖాళీ రోడ్డు మీద ఇరవై స్పీడులో బ్రేకు కొట్టి చూడండి, ఒక పక్కకి లాగితే అక్కడే ఆగిపోండి. వంద కిలోమీటర్లు తిరిగాక చక్రాల నట్లు, యూ బోల్టులు, బాడీ మౌంట్లు, స్టీరింగ్ బాక్స్ బోల్టులు మళ్లీ పానా పెట్టి చూడండి, నాకు యూ బోల్టులు సగం చుట్టు తిరిగాయి. ఆ రెండో బిగింపు అయ్యేదాకా అరకు ఘాట్ వైపు తిప్పొద్దు, కటికి జలపాతం రాళ్లదారి అయితే అసలే వద్దు.