రికమెండేషన్ లెటర్‌ను మనం చూడవచ్చా?

అమెరికాలో ఎంఎస్‌కు దరఖాస్తు నింపేటప్పుడు, రికమెండేషన్ లెటర్ ఇచ్చే ప్రొఫెసర్ పేరూ ఈమెయిలూ రాసే చోటనే ఒక ప్రశ్న ఉంటుంది: ఈ లేఖను చూసే హక్కును వదులుకుంటున్నారా, లేదా? చాలామంది దాన్ని చదవకుండానే టిక్ పెట్టేస్తారు. పెట్టడంలో తప్పు లేదు గాని, దేన్ని వదులుకుంటున్నామో తెలిసి పెట్టడం మేలు.

ఆ హక్కు, విద్యార్థుల రికార్డుల గోప్యత కోసం అమెరికా 1974లో చేసిన ఫెర్పా (FERPA) చట్టం ఇచ్చినది. దాని ప్రకారం విద్యార్థి తాను చేరిన యూనివర్సిటీలో తన రికార్డులను చూపమని అడగవచ్చు, 45 రోజుల్లోగా వారు చూపాలి. చేరిన చోటనే సుమా! సీటు రాని యూనివర్సిటీనీ, వచ్చినా మీరు చేరని యూనివర్సిటీనీ అలా అడిగే వీలు లేదు. చేరిన చోట సైతం, అడ్మిషన్లు ముగిశాక లేఖలను దాచి ఉంచకపోతే చూపడానికేమీ మిగలదు. హక్కు వదులుకుంటేనే సీటిస్తామని షరతు పెట్టకూడదు. వదులుకున్నాక కూడా, లేఖలు ఎవరెవరు రాశారో అడిగి తెలుసుకోవచ్చు.

నా సలహా మాత్రం వదులుకోమనే. మీరు ఏది ఎంచుకున్నారో లేఖ రాసేవారికి సాధారణంగా తెలుస్తుంది. లేఖను విద్యార్థి చదువుతాడని తెలిసి రాసిన మెప్పును, చదవడని తెలిసి రాసిన మెప్పంతగా ఎవరూ నమ్మరు.

కనుక జాగ్రత్తంతా లేఖ అడగడానికి ముందే పడాలి. "సార్, నా గురించి గట్టిగా రాయగలరా?" అని సూటిగా అడగండి, ఆయన తటపటాయిస్తే నొచ్చుకోకుండా మరొకరి దగ్గరకు వెళ్లండి. అరవై మంది ఉన్న సెక్షన్‌లో మీరెవరో ఆయనకు గుర్తుండకపోవచ్చు. అందుకే మార్కుల మెమోలతో పాటు ఒక పేజీ ఇవ్వండి: ఆయన దగ్గర ఏ సెమిస్టర్‌లో ఏ ప్రాజెక్టు చేశారు, ఎక్కడ చిక్కుపడ్డారు, ఎలా బయటపడ్డారు.

"నువ్వే రాసి పట్టుకురా, సంతకం పెడతా" అనే మాట మన కాలేజీల్లో కొత్తది కాదు. మీరే రాసిన లేఖను చూసే హక్కు వదులుకున్నానని టిక్ పెట్టడం ఎంత విడ్డూరమో చెప్పనక్కర్లేదు. అప్పుడు కూడా ఆ ఒక్క పేజీనే వినయంగా చేతికిచ్చి, లేఖను ఆయన్నే రాయమని కోరండి.

రాశాక తనంతట తాను చూపించాలనుకుంటే ఆయనకు ఈ చట్టం అడ్డు కాదు, కానీ మీరు అడగవద్దు. గడువుకు వారం ముందు పోర్టల్‌లో లేఖ చేరిందో లేదో చూసుకుని, చేరకపోతే లేఖ పెట్టమని యూనివర్సిటీ నుంచి ఈమెయిల్లో వచ్చిన లింకు స్పామ్‌లో పడిందేమో చూడమని ఆయనకు గుర్తుచేయండి.