బొంత కుట్టడం ఎలా నేర్చుకోవాలి? మసిగుడ్డ నుంచి మంచం బొంత దాకా

వైజాగ్‌లో చలే ఉండదు, బొంతలెందుకు అంటారు చాలామంది. బరువైన దూది రజాయి మనకి అక్కర్లేదు, నిజమే. కానీ ఏసీ గదిలో ఏడాది పొడుగునా, డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో పల్చని నూలు బొంతంత హాయి ఇంకేదీ ఇవ్వదు. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి పెద్దవాళ్లు కుట్టిన బొంతలు ఇక్కడి ఇళ్లలో ఉన్నవే. అదే పనిని కొలతలతో, రంగుల అమరికతో చేయడమే ఇప్పుడు అందరూ క్విల్టింగ్ అంటున్నది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. మొదటే మంచానికి సరిపడే బొంత పెట్టుకోకండి. అరచేతిలో పట్టే వస్తువు తీసుకుని చివరి కుట్టు దాకా పూర్తి చేయండి. కత్తిరించడం, అతకడం, పొరలు కలపడం, అంచు పట్టీ వేయడం, ఈ నాలుగూ చిన్న దాంట్లోనూ ఉంటాయి. సగంలో అటక ఎక్కిన పెద్ద బొంత మొదటి రెండే నేర్పుతుంది. ఒక్కో వస్తువుతో ఒక్కటే కొత్త విద్య, అంతకు మించి వద్దు.

ముందు గుడ్డ సంగతి

ఇంట్లో పాత కాటన్ చీరలు, చుడీదార్ల మిగులు, మీ టైలర్ దగ్గర పోగుపడిన ముక్కలు చాలు. కొనాలనుకుంటే పూర్ణా మార్కెట్, జగదాంబ వైపు బట్టల షాపుల్లో కట్ పీసులు అడగండి. కాటన్ అని చెప్పి ఇచ్చిందంతా కాటన్ కాదు. అంచు నుంచి నాలుగు పోగులు లాగి, సింకు దగ్గర పట్టకారుతో పట్టుకుని వెలిగించి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడిగా రాలిపోతుంది. పాలియెస్టర్ కలిస్తే కరిగి, చల్లారాక చివర గట్టిగా ఉండ కడుతుంది.

కొత్త గుడ్డని ఉతికి ఆరేశాకే కత్తెర పట్టాలి. తర్వాత కుంచించుకుపోతే బొంతంతా ముడతలు పడుతుంది. మెరూన్, ముదురు నీలం, ఎరుపు విడిగా నానబెట్టండి. తడిగా ఉన్నప్పుడే తెల్ల గుడ్డతో అద్ది, రంగు దిగడం ఆగిందో లేదో చూసుకోండి.

చీర గుడ్డ మెత్తన, స్కేలు కింద జారిపోతుంది. దానికి పల్చని గంజి పెట్టి, కాస్త చెమ్మ ఉండగానే ఇస్త్రీ చేస్తే గీత గీసినట్టు తెగుతుంది. వస్తువు పూర్తయ్యాక మాత్రం ఆ గంజి పోయేలా ఉతకాలి, లేకపోతే పురుగు పడుతుంది.

మన ఊళ్లో ఇంకో జాగ్రత్త, సూదులు. సముద్రపు గాలికి ఊరికే తుప్పు పడతాయి, లేతరంగు గుడ్డ మీద గోధుమ రంగు మచ్చ వదులుతాయి. బిగుతు మూత డబ్బాలో పెట్టుకోండి. మిషన్‌కి 14 నంబరు సూది పొరల పనికి సరిపోతుంది.

మొదటి పని: మసిగుడ్డ

వేడి గిన్నెలు దించే మసిగుడ్డ అన్నిటికన్నా మంచి గురువు. అందులో పోగు పోగూ నూలే ఉండాలి. పాలియెస్టర్ వేడికి కరిగి చెయ్యి కాలుతుంది, మధ్య పొరకి అమ్మే పాలియెస్టర్ ఫైబర్ షీటు అసలు పెట్టొద్దు.

ముదురు రంగువి 5, లేతరంగువి 4, మొత్తం 9 చదరాలు కత్తిరించండి. ఒక్కోటి మూడున్నర అంగుళాలు. కుట్టులోకి ప్రతి వైపూ పావు అంగుళం పోతే 3 అంగుళాలు మిగులుతుంది, మూడు వరసలు కలిస్తే 9 అంగుళాల బ్లాకు, అంటే అతికిన పెద్ద చదరం, వస్తుంది.

ఆ పావు అంగుళమే ఈ విద్యకి ప్రాణం. బ్లౌజు కుట్టేవాళ్లకి ఇది కొంచెం కష్టంగా ఉంటుంది, వాళ్ల చేతికి ఎక్కువ మార్జిన్ వదలడం అలవాటు. బ్లాకుకి ముందు ఇలా పరీక్ష చేయండి. ఒకటిన్నర అంగుళాల వెడల్పున్న మూడు పట్టీలు పక్కపక్కన కలిపి కుట్టి, ఇస్త్రీ చేసి, నడిమి పట్టీ కొలవండి. సరిగ్గా ఒక అంగుళం రావాలి. తగ్గితే మార్జిన్ ఎక్కువ పోతున్నట్టు, పెరిగితే తక్కువ పోతున్నట్టు. సరైన దూరం దొరికాక మిషన్ ప్లేటు మీద, సూది నుంచి పావు అంగుళం దూరంలో, రంగు టేపు ముక్క అంటించుకోండి. గుడ్డ అంచు ఆ టేపుని ఒరుసుకుంటూ వెళ్లాలి.

అంగుళంలో పదహారో వంతు తేడాకి ఇంత టెన్షన్ ఎందుకంటారా? ఒక కుట్టు రెండు ముక్కల్నీ తింటుంది కాబట్టి అది ఎనిమిదో వంతు అవుతుంది. పన్నెండు ముక్కల వరసలో 11 కుట్లుంటాయి, అంటే అంగుళం మీద పైచిలుకు మాయం. పక్క వరస సరిగ్గా కుట్టి ఉంటే రెండూ ఎక్కడా కలవవు.

మూడు ముక్కలు చొప్పున వరసలు కుట్టి ఇస్త్రీ చేయండి. పై వరస, కింది వరసల్లో మార్జిన్లు కుడివైపుకి, నడిమి వరసలో ఎడమవైపుకి మడవాలి. అప్పుడు వరసలు కలిపే చోట రెండు మడతలూ ఒకదానికొకటి ఆనుకుని ఆగుతాయి, మూలలు వాటంతటవే కలుస్తాయి. ఇస్త్రీ పెట్టెని రుద్దకుండా అద్ది ఎత్తండి, రుద్దితే చదరం సాగి వంకరపోతుంది.

అడుగున గుడ్డ, దాని మీద పాత టర్కీ టవల్ రెండు పొరలు, పైన బ్లాకు. కింది పొరలు అన్ని వైపులా అంగుళం ఎక్కువుండాలి. మధ్యలోంచి బయటికి అరచేత్తో సాపు చేస్తూ పిన్నులు పెట్టి, అతుకుల వెంటే మధ్యనుంచి కుట్టుకుంటూ రండి. తర్వాత అంచులు సమంగా కత్తిరించండి.

ఇక అంచు పట్టీ. రెండున్నర అంగుళాల వెడల్పు, 50 అంగుళాల పొడవు. నిలువునా సగానికి మడిచి ఇస్త్రీ చేసి, మడవని అంచు మసిగుడ్డ అంచుకి కలిపి కుట్టండి. మూల రావడానికి పావు అంగుళం ముందే ఆపి దారం తెంపాలి. పట్టీని తర్వాతి అంచుకి తిన్నగా వచ్చేలా పైకి మడవండి. అక్కడ ఏటవాలు మడత పడుతుంది, దాన్ని వేలితో పట్టుకుని పట్టీని మళ్లీ కిందికి దించండి. పై మడత సరిగ్గా అంచు దగ్గరుంటే మళ్లీ కుట్టు మొదలుపెట్టొచ్చు. చివర్లో పట్టీని వెనక్కి తిప్పి చేత్తో హెమ్మింగ్. ఇలా నాలుగు మసిగుడ్డలు చేస్తే పదహారు మూలలు తిప్పినట్టు. ఆపైన మూలంటే భయం ఉండదు.

రెండో పని: కుషన్ కవరు

ఇక్కడ కొత్త విద్య త్రికోణం. 5 అంగుళాల చదరాలు ముదురుదొకటి, లేతదొకటి ఎదురెదురుగా పెట్టి, మూల నుంచి మూలకి గీత గీయండి. గీతకి రెండు పక్కలా పావు అంగుళం దూరంలో కుట్టి, గీత మీద కోస్తే రెండు చదరాలొస్తాయి. వాటిని నాలుగున్నర అంగుళాలకి సరిచేయండి. ఎనిమిది జతలు కుడితే 16 చదరాలు, నాలుగేసి చొప్పున నాలుగు వరసలు కలిపితే అదే 16 అంగుళాల కవరు ముందు భాగం. క్రాస్‌లో తెగిన అంచు లాగితే సాగుతుంది, దాన్ని పట్టుకుని లాగొద్దు. మంచం మీద పేర్చి ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫోటో తీయండి. కంటికి తేడాగా కనిపించిన రెండు రంగులు ఒకేలా కనపడితే డిజైన్ తేలదు, ఒకటి మార్చాల్సిందే.

మూడో పని: పాపాయి బొంత

మసిగుడ్డ బ్లాకులే 4 అడ్డం, 5 నిలువు. మొత్తం 20 బ్లాకులు, 180 చదరాలు, సైజు 36 × 45 అంగుళాలు. ఇక్కడ నేర్చుకునేది పెద్ద పొరలు కదలకుండా పట్టుకోవడం. అడుగు గుడ్డని నేల మీద బిగువుగా పరిచి టేపుతో అంటించండి. మధ్య పొరకి ఫ్లానెల్ గానీ, రెండు మడతల పాత కాటన్ చీర గానీ మన వాతావరణానికి చాలు. పై పొర పరిచాక మధ్యనుంచి అంచులకి పొడవాటి కచ్చాకుట్లు వేయండి, వరసకీ వరసకీ అరచెయ్యంత ఎడం. మిషన్‌లో పొరలు నలుగుతుంటే చేత్తోనే లావు దారంతో రన్నింగ్ కుట్టు వేసేయండి. చేతి కుట్టుకే ఎక్కువ అందమని నా అభిప్రాయం. అంచు పట్టీకి 174 అంగుళాలు కావాలి, మామూలు పన్నా గుడ్డలో 5 పట్టీలు.

పరిచి ఆడించడానికే ఇది. ఏడాదిలోపు బిడ్డ నిద్రపోతుంటే మీద కప్పకూడదు, ముఖం మీదికి వస్తే ఊపిరాడదు.

ఆ తర్వాతే మంచం బొంత

60 × 90 అంగుళాల సింగిల్ బొంతలో కొత్త విద్యేమీ లేదు, ఓపికే కావాలి. అందుకే అప్పటిదాకా ఆగమన్నది. చీరల అంచులు మిగిలితే పొడవు పట్టీలతో చదరం చుట్టూ పేర్చే లాగ్ క్యాబిన్ బ్లాకు దీనికి బాగా నప్పుతుంది. అది చేయి తిరిగాక కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ తెగవాళ్లు కుట్టే బొంత, కవందిని ప్రయత్నించండి. వాళ్లు బ్లాకులు ముందుగా అతకరు, అంచు నుంచి మొదలుపెట్టి ముక్కలు చేరుస్తూ చేతి కుట్టుతో మధ్యకి వస్తారు.

పూర్తయిన ప్రతి వస్తువు వెనకాల మూలలో చిన్న గుడ్డ ముక్క మీద మీ పేరు, నెల, సంవత్సరం కుట్టండి. ఒక నోటుబుక్కులో దాని ఫోటో, వాడిన గుడ్డ ముక్క, ఎక్కడ మూల కలవలేదో రెండు మాటలు రాసుకోండి. తర్వాతి వస్తువు ఎంచుకోవడానికి ఆ పేజీయే ఆధారం.

బొంతల్ని ప్లాస్టిక్ కవర్లలో దాచొద్దు, మన ఊరి తేమకి బూజు మచ్చలు పడతాయి. బాగా ఆరాక పాత కాటన్ దిండు గలేబులో పెట్టండి. వానలు వెలిశాక ఒకసారి నీడపట్టున గాలికి ఆరేసి, ఈసారి మడత గీత వేరేచోట పడేలా మడవండి.