సాఫ్ట్‌బాల్ ఔట్‌ఫీల్డ్: మొదటి అడుగు ఎక్కడ తప్పుతోంది, ఎలా సరిచేయాలి

ఔట్‌ఫీల్డ్‌లో, అంటే బేస్‌ల వెనక ఉండే దూరపు మైదానంలో, క్యాచ్ పోతే అందరూ చేతుల వైపే చూస్తారు. గ్లోవ్ సరిగా పెట్టలేదనో, చివర్లో భయపడిందనో అంటారు. నేను చూసినంతలో ఎక్కువ క్యాచ్‌లు చేతుల్లో జారిపోవడం లేదు, కాళ్ల దగ్గరే పోతున్నాయి. బ్యాట్‌కి బంతి తగిలాక వేసే మొదటి అడుగు తప్పయితే, ఆ తర్వాత ప్రాణం పెట్టి పరుగెత్తినా బంతికి ఒక్క అడుగు దూరంలో ఆగిపోతాం. అందుకే ఈ సమస్యల్లో చాలావాటికి మూలం ఆ అడుగులోనే వెతుకుతాను. మీకు జరుగుతున్నది ఏదో చూసుకుని అక్కడి నుంచే చదవండి.

బంతి తల మీదుగా వెళ్లిపోతోంది

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. ముందు పడిన బంతికి సాధారణంగా ఒక బేస్ (బ్యాటర్ చుట్టి రావాల్సిన నాలుగు మజిలీల్లో ఒకటి) పోతుంది, తల దాటిన బంతికి రెండో మూడో పోతాయి, ఒక్కోసారి బ్యాటర్ మొత్తం చుట్టి హోమ్‌కే వచ్చేస్తుంది.

కారణం: బంతి లేవగానే ముందుకు అడుగు వేసేయడం. పక్కకు పోయే బంతి వంపు మనకు కనిపిస్తుంది కాబట్టి ఎంత దూరం పోతుందో త్వరగా తెలుస్తుంది. నేరుగా మన మీదికి వచ్చే బంతికి ఆ వంపు కనపడదు, ఆకాశంలో ఒక చుక్క పైకి లేస్తున్నట్టు ఉంటుంది అంతే. అప్పుడు 'అయ్యో, ముందు పడిపోతుందేమో' అన్న కంగారు కాళ్లను ముందుకు లాగేస్తుంది. రెండడుగులు ముందుకు వేసి, ఆగి, తప్పు తెలుసుకుని వెనక్కి తిరిగేసరికి బంతి దాటిపోయి ఉంటుంది.

పరిష్కారం డ్రాప్ స్టెప్. ఏ మాత్రం అనుమానం ఉన్నా మొదటి అడుగు వెనక్కే పడాలి, ఎందుకంటే వెనక్కి వెళ్లి ముందుకు రావడం తేలిక, ముందుకొచ్చి వెనక్కి వెళ్లడం కష్టం. బంతి కుడి భుజం వైపు వస్తోందనుకోండి, కుడి పాదాన్ని వెనక్కి ఏటవాలుగా వేయాలి, నడుము దాంతోపాటే తిరగాలి, ఆ వెంటనే ఎడమ కాలు దాని ముందు నుంచి దాటాలి. ఇప్పుడు ఒళ్లు పరుగెత్తే దిక్కుకు తిరిగి ఉంటుంది, కళ్లు భుజం మీదుగా బంతిని చూస్తుంటాయి. ఎడమ వైపయితే ఇదంతా తిరగేయండి. ఒళ్లు తిప్పకుండా బంతికి ఎదురుగా ఉండి వెనక్కి వెనక్కి నడవడం మాత్రం మానేయండి, వేగం రాదు సరికదా మడమ తట్టుకుని వెల్లకిలా పడతారు.

దీన్ని బంతి లేకుండానే నేర్చుకోవచ్చు, మొదటి వారం అలాగే చేయమంటాను. ఎదురుగా ఒకరు నిలబడి కుడికో ఎడమకో చెయ్యి చూపించాలి, మీరు డ్రాప్ స్టెప్ వేసి మూడు అడుగులు పరుగెత్తాలి. అది ఆలోచించకుండా వచ్చేశాక అదే మనిషి భుజం మీదుగా బంతి విసరాలి. తప్పు భుజం వైపు తిరిగారా? ఆగొద్దు, పరుగు ఆపకుండానే తలను రెండో వైపుకు తిప్పి బంతిని మళ్లీ చూపుతో అందుకోండి. ఆ అర క్షణం బంతి కంటికి దూరమైతే వచ్చే నష్టం కన్నా ఆగిపోతే వచ్చే నష్టమే ఎక్కువ.

డ్రాప్ స్టెప్ వేసినా దూరం అంచనా తప్పుతోంది

ఇక్కడ కళ్లకు పని చెప్పాలి. 1968లో సెవిల్ చాప్‌మన్ అనే భౌతిక శాస్త్రవేత్త నేరుగా మన మీదికి వచ్చే ఫ్లై బాల్ (గాల్లోకి లేచిన బంతి) గురించి ఒక మంచి విషయం చెప్పాడు. గాలి అడ్డును పక్కన పెడితే, మీరు సరైన చోట ఉన్నప్పుడు బంతి మీ చూపులో ఒకే తీరున పైకి లేస్తున్నట్టు ఉంటుంది. లేచే వేగం పెరుగుతున్నట్టు అనిపిస్తే అది మిమ్మల్ని దాటిపోతుంది, వెనక్కి వెళ్లండి. లేవడం మందగిస్తే ముందే పడుతుంది, ముందుకు రండి. మైదానంలో ఎవరూ లెక్కలు వేసుకోరు, కానీ ఈ తేడా కోసం కావాలని చూస్తూ పాతిక బంతులు పట్టి చూడండి, కంటికి అలవాటవుతుంది.

బేస్‌బాల్ నుంచి వచ్చినవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. సాఫ్ట్‌బాల్ చుట్టుకొలత 12 అంగుళాలు, బేస్‌బాల్‌ది 9. బరువు పెరిగిన దానికన్నా సైజు ఎక్కువ పెరిగింది కాబట్టి గాలి దీన్ని గట్టిగా ఆపుతుంది, చివర్లో వేగం చచ్చిపోయి నిటారుగా దిగుతుంది. పాత అంచనాతో పరుగెత్తితే బంతి మీ ముందు పడుతుంది.

ఎప్పుడూ ఒక క్షణం ఆలస్యంగా కదులుతున్నాను

పాదాలు చూసుకోండి. బ్యాట్‌కి బంతి తగిలే క్షణంలో మడమలు నేల మీద అతుక్కుని ఉన్నాయంటే సమస్య అక్కడే. పిచర్ బంతి వదిలి అది బ్యాటర్‌ని చేరుతుండగా చిన్న గెంతు వేయాలి, గెంతు అన్నా పాదాలు నేల నుంచి కాస్త లేస్తే చాలు, ముందరి పాదాల మీద దిగేసరికి బ్యాట్ తగలాలి. మోకాళ్లు కొద్దిగా వంగి, చేతులు మోకాళ్ల మీద కాకుండా వదులుగా ఉండాలి. ప్రతి పిచ్‌కీ ఇది చేయాలి, ఇన్నింగ్స్ మొత్తం మీ వైపు ఒక్క బంతీ రాకపోయినా సరే.

ఇంకో కారణం శబ్దం కోసం ఎదురుచూడటం. 60 మీటర్ల దూరంలో ఉంటే బ్యాట్ శబ్దం మీ చెవికి చేరడానికి సెకనులో ఆరో వంతు పడుతుంది, చూపు అంతకన్నా ముందే చేరుతుంది. శబ్దం పనికొస్తుంది, బంతి గట్టిగా తగిలిందా మొద్దుగా తగిలిందా చెబుతుంది, కానీ కదలడం మాత్రం కంటిని బట్టే. పిచర్ దగ్గర చూపు ఆపేయకుండా బ్యాటర్ ముందు బంతి తగిలే చోట పెట్టండి.

పరుగెత్తుతుంటే బంతి పైకీ కిందికీ ఊగుతున్నట్టు కనిపిస్తోంది

మడమలు దబదబ కొడుతూ పరుగెత్తితే తల ఊగుతుంది, తలతో పాటు చూపూ ఊగుతుంది. ముందరి పాదాల మీద మెత్తగా పరుగెత్తండి. గ్లోవ్ చాచుకుని పరుగెత్తొద్దు, చేతులు మామూలుగా ఊపుతూ వెళ్లి చివరి రెండు మూడు అడుగుల్లో చాచండి.

చివర్లో బంతి పక్కకు వంగిపోతోంది

ఫౌల్ లైన్ (హోమ్ నుంచి మైదానం రెండు పక్కల అంచుగా గీసిన గీత) దగ్గరికి కొట్టిన బంతులు సాధారణంగా ఆ లైన్ వైపే వంగుతాయి. లెఫ్ట్ ఫీల్డర్ అయినా రైట్ ఫీల్డర్ అయినా అలాంటి బంతికి మొదటి అడుగు కాస్త ఎక్కువగా లైన్ వైపు వేయాలి. బంతి ఇప్పుడున్న చోటికి కాదు, దిగే చోటికి పరుగెత్తాలి.

ఇద్దరం వెళ్లాం, మధ్యలో పడిపోయింది

ఎవరూ అరవలేదు, లేదా ఇద్దరూ ఆలస్యంగా అరిచారు. ఎవరిది ముందు హక్కో ఆటకు ముందే తేల్చుకోండి. మామూలుగా సెంటర్ ఫీల్డర్ మాట పక్కవాళ్ల మీద చెల్లుతుంది, వెనక్కి పరుగెత్తే ఇన్‌ఫీల్డర్ (బేస్‌ల దగ్గర ఉండే ఫీల్డర్) కన్నా ముందుకు వచ్చే ఔట్‌ఫీల్డర్‌కి హక్కు ఎక్కువ, ఎందుకంటే బంతి ఆమె కళ్ల ముందుంటుంది. బంతి దిగడం మొదలవగానే "నాది, నాది, నాది" అని గొంతు చించుకోవాలి. రెండో మనిషి ఆగి చూడకుండా వెంటనే ఆమె వెనక్కి వెళ్లాలి.

నేల మీద వచ్చిన బంతి కాళ్ల మధ్య నుంచి పోయింది

వెనకాల ఎవరూ లేరని మరచి, చూపు త్రో మీదికి వెళ్లిపోయింది. రన్నర్ ఎవరూ ముందుకు పోయే ప్రమాదం లేకపోతే ఒక మోకాలు దించి ఒంటితో అడ్డుకోండి. హోమ్‌కి పరుగెత్తే రన్నర్ ఉంటే వేగంగా దూసుకొచ్చి తీసుకోండి. గట్టిగా వచ్చిన బంతికి రైట్ ఫీల్డర్ మాత్రం నిలబడి ఎదురుచూడటం పెద్ద తప్పు: సాఫ్ట్‌బాల్‌లో బేస్‌ల మధ్య దూరం 60 అడుగులే కాబట్టి మీరు ముందుకొచ్చి తీసుకుంటే బ్యాటర్‌ని ఫస్ట్ బేస్ దగ్గరే ఔట్ చేసే అవకాశం ఉంటుంది.

బంతి నా వైపు రాలేదు, ఏం చేయాలో తెలియక నిలబడ్డాను

ఆ మొదటి అడుగు అప్పుడూ ఉంటుంది, బంతికి కాకుండా బ్యాకప్‌కి, అంటే బంతి తప్పిపోతే ఆపడానికి వెనక కాపు కాయడానికి. పక్క ఫీల్డర్ వైపు వెళ్తే ఆమె వెనక్కి పరుగెత్తండి. షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య ఉండే ఫీల్డర్) చేతిలోకి బంతి వెళ్లిందంటే రైట్ ఫీల్డర్ ఫస్ట్ బేస్ వెనక, ఫౌల్ లైన్ అవతలికి బయలుదేరాలి, త్రో చేతిలోంచి బయటపడక ముందే.