నడుము కొలత, బీపీ అంకె: ఇంట్లోనే సరిగ్గా చూసుకునే పద్ధతి

హనుమకొండలో పొద్దున్నే భద్రకాళి చెరువు కట్ట మీద నడిచేవారితో మాట్లాడితే, ఎన్ని కిలోలు తగ్గామన్నది చెప్పగలిగినవారిలో కూడా తమ నడుము కొలత, బీపీ ఎంతో తెలిసినవారు నాకు తక్కువగానే కనిపించారు. గుండె విషయంలో ఆ రెండింటినీ కలిపి చూడాలి. పొట్ట చుట్టూ కొవ్వు పేరుకుంటే మూత్రపిండాలు ఉప్పును, నీటిని ఒంట్లోనే నిలిపి ఉంచుతాయి. రక్తం పరిమాణం పెరిగి, నాళాలు బిగుసుకుని, రక్తపోటు ఎక్కువవుతుంది. ఆ పోటుకు ఎదురొడ్డి ఏళ్ల తరబడి రక్తాన్ని నెట్టవలసి రావడంతో గుండె ఎడమ గది గోడ మందమవుతుంది. ధమనుల లోపలి పొర దెబ్బతిని, అక్కడ కొలెస్ట్రాల్ చేరి, దారి ఇరుకవుతుంది. ఇదంతా చాలామందిలో ఏ నొప్పీ లేకుండానే సాగుతుంది.

నడుము కొలవడానికి దర్జీ టేపు చాలు. చివరి పక్కటెముకకు, తుంటి ఎముక పై అంచుకు నడుమ టేపు చుట్టి, మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి. మన దేశంలో మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి.

బీపీకి మరింత ఓపిక కావాలి. అంతకు ముందు అరగంట చాయ్, పొగ, నడక వద్దు. మూత్రానికి వెళ్లి వచ్చి, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చేతిని గుండె ఎత్తులో బల్లపై ఉంచి, బట్ట మీద కాకుండా నేరుగా చర్మంపై పట్టీ కట్టాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే అంకె ఎక్కువ చూపిస్తుంది: మా అమ్మకు 152 చూపించిన మిషనే పెద్ద పట్టీ మార్చగానే 138 చూపించింది. నిమిషం ఎడంతో రెండుసార్లు, పొద్దున, సాయంత్రం, వారం రోజులు చూసి నోటుబుక్కులో రాయాలి. మొదటి రోజువి వదిలేసి తీసిన సగటు 135/85 లేదా అంతకు మించితే ఆ పుస్తకంతోనే దవాఖానకు వెళ్లాలి.

ఉప్పు రోజు మొత్తానికి ఐదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, దాటకూడదు. అన్నంలో కలుపుకునే తొక్కు, నంజుకునే అప్పడం కూడా ఈ లెక్కలోకే వస్తాయి. బరువు కొద్దిగా తగ్గినా బీపీ దిగుతుంది. అంకె బాగుందని గోలీలు సొంతంగా మానేయడమే నన్ను ఎక్కువగా భయపెడుతుంది, ఎందుకంటే ఆ అంకెను బాగుంచుతున్నది చాలాసార్లు ఆ గోలీలే. ఛాతీలో బిగపట్టినట్టయినా, ఊపిరి ఆడకపోయినా మాత్రం బీపీ చూస్తూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి.