పాత కారు ఏసీ మనమే బాగుచేసుకుందాం – మూడో పాఠం: గ్యాసు జోలికి వెళ్లకముందు

బానెట్ ఎత్తి కంప్రెసర్, కండెన్సర్, లావు పైపు, సన్న పైపు ఎక్కడెక్కడున్నాయో రెండో పాఠంలో గుర్తుపట్టాం. ఏసీ వేసినా బండి చల్లబడట్లేదంటే లోపం వాటిలో ఎక్కడుందో ఇప్పుడు పట్టుకుందాం. పాఠానికి తీసుకున్నది పది పన్నెండేళ్లు నడిచిన పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. తిప్పే నాబులు, ఆర్-134ఎ గ్యాసు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ల చేతికి ఎక్కువగా వచ్చే బండి ఇదే.

ఒక్క సంగతి ముందే మనసులో పెట్టుకోండి. ఏసీ గ్యాసు పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. ఉన్న గ్యాసే తిరుగుతూ ఉంటుంది. రబ్బరు గొట్టాల్లోంచి, కంప్రెసర్ షాఫ్టు సీలు దగ్గర ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పోవడం మామూలే గానీ, ఏటా ఎండాకాలం రాగానే పట్టించాల్సి వస్తోందంటే లీకు ఉన్నట్టే. చిన్న కార్లలో మొత్తం పట్టేది సుమారు 350 నుంచి 500 గ్రాములు. మీ బండి లెక్క బానెట్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది. 400 గ్రాములు పట్టే బండిలో అందాజుగా ఇంకో 100 గ్రాములు ఎక్కిస్తే పావు వంతు ఎక్కువైంది. ప్రెషర్ పెరిగి, కంప్రెసర్ మీద భారం పడి, ఉన్న చల్లదనం కూడా తగ్గుతుంది. అందుకే గ్యాసును చివరికి ఉంచుతున్నాం.

మొదటి పని కొలత. వంటింట్లో వాడే సూది థర్మామీటరు చాలు. బండిని నీడలో పెట్టండి. అద్దాలు మూసి, గాలి లోపలే తిరిగే మీట వేసి, బ్లోవర్ రెండో నంబరులో పెట్టి, ఇంజను 1500 ఆర్‌పీఎంలో పది నిమిషాలు నడపండి. థర్మామీటరు సూది మధ్య వెంట్‌లోకి దూర్చండి. బయట 35 డిగ్రీలున్నప్పుడు 7 నుంచి 10 వస్తే ఏసీ బాగున్నట్టే. రామగుండం, రెంటచింతల వైపు 43, 44 డిగ్రీల ఎండలో పాత బండి 12, 13 ఇచ్చినా తప్పు పట్టక్కర్లేదు. 16 దాటితే వెతకాలి. ఈ అంకె రాసిపెట్టుకోండి. చేసిన ప్రతి పని తర్వాతా మళ్లీ కొలవాలి.

తర్వాత ఇబ్బంది ఎప్పుడు వస్తోందో గమనించండి. రోడ్డు మీద చల్లగా ఉండి సిగ్నల్ దగ్గర ఆగగానే వేడిగాలి వస్తుంటే కండెన్సర్ వైపు చూడాలి. బయల్దేరినప్పుడు బాగానే ఉండి, ముప్పై నలభై నిమిషాలకు గాలే తగ్గిపోతుంటే డ్యాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్ మీద ఐసు కడుతోంది. ఏసీ ఆపి పది నిమిషాలు ఉత్త బ్లోవర్ నడపండి. బండి కింద నీళ్లు ధారగా కారి గాలి మళ్లీ పుంజుకుంటే ఐసే. ఎక్కువసార్లు తప్పు కాయిల్‌కు తగిలించిన సెన్సర్‌ది. మొదటి నిమిషం నుంచే బ్లోవర్ హోరుమంటూ గాలి మాత్రం సన్నగా వస్తుంటే ఫిల్టర్ గానీ కాయిల్ గానీ మూసుకుపోయింది. గ్లోవ్ బాక్సు విప్పి చూడండి. కొన్ని పాత బండ్లలో అక్కడ ఫిల్టర్ గూడు ఉంటుంది గానీ ఫిల్టర్ ఉండదు. అలాంటి బండ్లలో ఏళ్ల దుమ్మంతా తిన్నగా కాయిల్ మీదే పేరుకుంటుంది.

ఇక కండెన్సర్. పాత బండ్లలో చల్లదనం తగ్గితే మనం ఎక్కువ సమయం పెట్టాల్సిన చోటు ఇదే. లోపలి వేడిని బయట పారబోసేది కండెన్సరే. అది పారబోయకపోతే గ్యాసు ఎంతున్నా లాభం లేదు. ఇంజను, ఏసీ ఆన్ చేసి ముందు గ్రిల్లుకు న్యూస్‌పేపరు కాగితం ఒకటి ఆనించండి. ఫ్యాను గాలిని లోపలికి లాగుతుంది కాబట్టి కాగితం అతుక్కుని నిలవాలి. జారిపడితే ఫ్యాను తిరగట్లేదు, లేదా నీరసంగా తిరుగుతోంది. కాగితాన్ని బయటికి నెడుతుంటే ఎవరో మోటారు మార్చినప్పుడు వైర్లు తిరగేసి కలిపారు. ఆ బండి రోడ్డు మీద పోతున్నప్పుడు ఎదురుగాలితో ఫ్యాను పోట్లాడుతుంటుంది. ఈ తప్పు తరచుగా కనబడేదే.

తిరగని ఫ్యానుకు ముందు ఫ్యూజు, తర్వాత రిలే చూడండి. పక్కనే అదే రకం రిలే ఇంకోటి ఉంటే అటూ ఇటూ మార్చి చూడొచ్చు. రెండూ బాగుంటే ఫ్యాను కనెక్టర్ ఊడదీసి, 20 ఆంపియర్ల ఫ్యూజు పెట్టిన వైరుతో బ్యాటరీ నుంచి మోటారుకు నేరుగా కరెంటు ఇవ్వండి. అప్పుడూ తిరగకపోతే మోటారే చెడింది, ఎక్కువగా బ్రష్‌లు అరిగి ఉంటాయి. రెండు వేగాల ఫ్యానైతే తక్కువ వేగానికి రెసిస్టరు ఉంటుంది. అది కాలిపోతే ఎక్కువ వేగం మాత్రమే పనిచేస్తుంది. ఫ్యాను దగ్గర చేయి పెట్టేముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. ఇంజను ఆపినా ఫ్యాను దానంతటదే తిరగొచ్చు.

ఫ్యాను బాగుందా? ఒక చిన్న పరీక్ష. ఏసీ నడుస్తుండగా గ్రిల్లులోంచి కండెన్సర్ మీద చెంబుడు నీళ్లు మెల్లగా చిలకరించండి. ఒకటి రెండు నిమిషాల్లో వెంట్ దగ్గర మూడు నాలుగు డిగ్రీలు పడిపోయి, నీళ్లు ఆరాక మళ్లీ పెరిగితే కండెన్సర్‌కు గాలి చాలట్లేదు. ముందు నుంచి చూస్తే శుభ్రంగా ఉన్నట్టే అనిపిస్తుంది. టార్చిలైటు పట్టుకుని కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులోకి చూడండి. దూది, చచ్చిన పురుగులు, నూనె పట్టిన దుమ్ము కలిసి గోనెపట్టా ముక్కలా అంటుకుని ఉంటాయి. ఇంజను పూర్తిగా చల్లారాక తోట పైపుతో, వీలైతే వెనక వైపు నుంచి ముందుకు, నిదానంగా కడగండి. వాటర్ సర్వీసింగ్ పంపు దగ్గరగా పెట్టొద్దు. పలచటి రేకులు ఒరిగిపోయి ఉన్న దారీ మూసుకుపోతుంది. ఒరిగినవాటిని పాత పళ్ల బ్రష్‌తో, సన్న దువ్వెనతో నిలబెట్టొచ్చు.

హీటర్‌ను చాలామంది మరిచిపోతారు. నాబు చలి వైపు తిప్పినా కేబుల్ వదులై హీటర్ పూర్తిగా మూసుకోకపోతే చల్లగాలిలో వేడిగాలి కలుస్తుంటుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు, డ్యాష్ వెనకకు వెళ్లే రెండు హీటర్ గొట్టాల్లో ఒకదానికి గుడ్డ చుట్టి క్లాంపుతో మెత్తగా నొక్కి, మళ్లీ కొలవండి. మూడు డిగ్రీలు తగ్గితే తప్పు హీటర్‌లోనే ఉంది. క్లాంపు తీసేసి కేబుల్ సరిచేయండి.

ఇప్పుడు కంప్రెసర్ క్లచ్. ఏసీ నొక్కగానే టక్కుమని ముందు ప్లేటు పుల్లీతో కలిసి తిరగాలి. చల్లగా ఉన్నప్పుడు పట్టుకుని, ఇంజను వేడెక్కాక వదిలేస్తుంటే ప్లేటుకూ పుల్లీకీ మధ్య సందు పెరిగింది. ఇంజను ఆపి ఫీలర్ గేజు (సందు కొలిచే పలచటి రేకులు) దూర్చి చూడండి. చాలా బండ్లలో 0.3 నుంచి 0.6 మిల్లీమీటర్లు ఉండాలి. అరిగి 0.8 దాటితే లోపలి పలచటి షిమ్ము (వాషరు లాంటి రేకు) ఒకటి తీసి సందు తగ్గించవచ్చు. ఇంత చిన్న పనికి కంప్రెసర్ మొత్తం మార్చేయడం చూస్తుంటే బాధేస్తుంది.

ఇవన్నీ అయ్యాకే గేజులు, అంటే గ్యాసు ప్రెషర్ కొలిచే రెండు ముళ్ల మానిఫోల్డు సెట్టు. కళ్లజోడు, చేతికి గ్లవ్స్ తప్పనిసరి. మామూలు గాలిలోకి వచ్చిన ఆర్-134ఎ మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి చర్మాన్ని, కంటిని క్షణంలో గడ్డకట్టిస్తుంది. నీలం గొట్టం లావు పైపు మీది పోర్టుకు, ఎరుపు గొట్టం సన్న పైపు మీది పోర్టుకు. మానిఫోల్డు మీది రెండు వాల్వులూ మూసే ఉంచండి. గ్యాసు డబ్బా తగిలించి ఉండి, ఇంజను నడుస్తుండగా ఎరుపు వాల్వు తెరిస్తే ప్రెషర్ డబ్బాలోకి ఎదురుతన్ని డబ్బా పేలిపోవచ్చు.

ఇంజను వేయకముందు రెండు ముళ్లూ ఒకే అంకె చూపాలి: బయట 30 డిగ్రీలుంటే 97 పీఎస్‌ఐ చుట్టుపక్కల, 35కి 114, 40కి 133. ఇక్కడే చాలామంది పొరబడతారు. అంకె సరిపోయిందంటే గ్యాసు నిండుగా ఉందని కాదు. లోపల చుక్క ద్రవం మిగిలున్నా ఇదే అంకె వస్తుంది. గ్యాసు ఎంతుందో చెప్పేది తూకం మాత్రమే. అంకె దీనికి బాగా తక్కువుంటే మాత్రం గ్యాసు దాదాపు ఖాళీ.

ఇంజను 1500లో, బయట 35 డిగ్రీల్లో, నీలం 25 నుంచి 40, ఎరుపు 200 నుంచి 250 ఉంటే మామూలు. రెండూ తక్కువుంటే గ్యాసు తక్కువ. అలాంటప్పుడు లావు పైపుకు చెమట పట్టదు, క్లచ్ నిమిషానికి చాలాసార్లు టక్ టక్ మంటుంది. రెండూ ఎక్కువుంటే గ్యాసు ఎక్కువైంది, లేదా లోపల గాలి చేరింది, లేదా కండెన్సర్ ఇంకా శుభ్రపడలేదు. నీలం సున్నాకు దిగువన వ్యాక్యూమ్‌లోకి పోతుంటే ఎక్స్‌పాన్షన్ వాల్వులో (గ్యాసును కూలింగ్ కాయిల్‌లోకి సన్నగా వదిలే రంధ్రంలో) చెత్త అడ్డుపడింది, లేదా తేమ గడ్డకట్టింది. తేమైతే బండి కాసేపు ఆపితే కరిగి మళ్లీ చల్లబడుతుంది. చెత్త అయితే కరగదు. నీలం 60, ఎరుపు 120 లాగా రెండూ దగ్గరికి వచ్చేస్తే కంప్రెసర్ లోపల అరిగింది. దానికి గ్యాసు ఎంత పోసినా ఫలితం ఉండదు.

గ్యాసు తక్కువని తేలితే వెంటనే గ్యాసు డబ్బా కొనకండి. టార్చి పట్టుకుని పైపుల జాయింట్లన్నీ చూడండి. గ్యాసుతోపాటు కంప్రెసర్ నూనె కూడా తిరుగుతుంది కాబట్టి లీకున్న చోట నూనె ఊరి, దానికి దుమ్ము అంటుకుని నల్లటి ముద్ద కడుతుంది. మిగతా పైపంతా బూడిదరంగులో పొడిగా ఉండి, ఒక్క నట్టు చుట్టూ తడిగా మెరుస్తుంటే అక్కడ సబ్బు నురగ రాయండి. బుడగలు ఊరుతూ ఉంటే లీకు అదే. పోర్టు మూతలు తీసి పోర్టుల మొనల మీదా ఒక చుక్క నురగ వేయండి. పోయిన చిన్న మూత వల్ల కూడా గ్యాసు కారుతుంది.

నాలుగో పాఠానికి ఐదు అంకెలు తయారుగా ఉంచుకోండి: బయటి వేడి, వెంట్ దగ్గరి వేడి, నీలం ముల్లు, ఎరుపు ముల్లు, స్టిక్కర్ మీద గ్రాములు. ఉన్న గ్యాసును గాలిలోకి వదలకుండా యంత్రంతో తీయించడం, ఓ-రింగులు (జాయింట్ల రబ్బరు రింగులు), డ్రయ్యర్ (తేమ పీల్చే డబ్బా) మార్చడం, ముప్పై నిమిషాల వ్యాక్యూమ్, త్రాసు మీద తూచి గ్యాసు ఎక్కించడం అందులో చేద్దాం. అప్పటిదాకా ఏ జాయింటూ విప్పకండి. విప్పిన పైపులోకి తేమ చేరితే లోపలి పీఏజీ నూనె (కంప్రెసర్ నూనె) దాన్ని స్పాంజిలా పీల్చేసుకుంటుంది.