జాతరకు ముందు మాత్రల డబ్బా చూసుకోండి

గంగమ్మ జాతర అంటే తిరుపతిలో ఇంటినిండా చుట్టాలు, నిద్ర లేని రాత్రులు, పైన మే ఎండ. ఇంట్లో డిప్రెషన్‌కో స్కిజోఫ్రీనియాకో (లేని మాటలు వినిపించే, లేనిపోని అనుమానాలు కలిగే మానసిక జబ్బు) మందులు వాడేవాళ్లుంటే:

• "బాగానే ఉన్నాడు కదా, ఇంకా మాత్రలెందుకు?" అని ఏ పెద్దమ్మ అన్నా ఆపొద్దు. మందు ఆపిన మర్నాడే స్కిజోఫ్రీనియా తిరగబెట్టదు. వారాలో నెలలో పడుతుంది, అందుకే మందు మానేయడమే కారణమని ఎవరికీ తట్టదు. డిప్రెషన్ తగ్గాక కూడా కనీసం 6 నెలలు వాడాల్సిందే.

• స్కిజోఫ్రీనియాకు వాడే క్లోజపిన్ అనే మందు 48 గంటలకు మించి తప్పిపోతే పాత డోసు వేసేయొద్దు, ముందు డాక్టర్‌ని అడగండి. మళ్లీ 12.5 మి.గ్రా. నుంచి మొదలుపెట్టాల్సి రావచ్చు.

• షాపులో వేరే కంపెనీ స్ట్రిప్ ఇస్తే పెద్దక్షరాల పేరు కాదు, కింద సన్నగా ఉండే మందు పేరు, మి.గ్రా. డాక్టర్ చీటీతో పోల్చండి.

• స్కిజోఫ్రీనియా మందులు కొన్ని ఒంటికి వేడిని తట్టుకోనివ్వవు. మధ్యాహ్నం క్యూ వద్దు. జ్వరంతో ఒళ్లు బిగుసుకుపోయి, మాట తడబడితే వడదెబ్బేలే అనుకోక వెంటనే ఆసుపత్రికి.

• మందు పార్టీకి పిలిచే బావలకు ముందే చెప్పేయండి. మాత్రల మీద మద్యం పడితే మత్తు రెట్టింపు.

• చనిపోతానన్న మాట వస్తే ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416, రాత్రయినా పలుకుతారు.